వేల్స్ పల్లెల్లో పాస్టరు మాట

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

బ్రిటన్‌లోనే పడమటి వైపున్న చిన్న దేశం వేల్స్. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడి పాస్టర్లు ఏం చేశారని అడిగారు కదా. ముందు ఆ పల్లెల్లో వాళ్ల మాటకు అంత విలువ ఎలా వచ్చిందో చెబుతాను. అది బడితో మొదలైంది.

1731 ప్రాంతంలో గ్రిఫిత్ జోన్స్ అనే చర్చి గురువు తిరుగుడు బళ్లు పెట్టించాడు. అంతకుముందు ధర్మబడుల్లో చాలాచోట్ల ఇంగ్లీషులోనే చెప్పేవారు. ఇంట్లో వెల్ష్ తప్ప మరో భాష వినని పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేసి, బడి మానగానే మరిచిపోయేవారు. జోన్స్ వెల్ష్‌లోనే చెప్పించాడు. టీచరు ఒక ఊళ్లో మూడు నెలలుంటాడు, ఎక్కువగా పొలం పనులు తగ్గే చలికాలంలో. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు పాఠం. రాత, లెక్కలు లేవు, చదవడం ఒక్కటే. తర్వాత మరో ఊరు. అంత తక్కువ కాలం ఎలా సరిపోయిందంటే, మన తెలుగులాగే వెల్ష్‌ను దాదాపు పలికినట్టే రాస్తారు. అక్షరాలు పట్టుబడితే చదువు వచ్చినట్టే. 1761లో ఆయన చనిపోయేనాటికి 3,000కు పైగా బళ్లు నడిచాయి.

తర్వాతి వందేళ్లలో చాలామంది ప్రభుత్వ చర్చి వదిలి, దానితో సంబంధం లేని స్వతంత్ర సంఘాల ప్రార్థన మందిరాలైన చాపెళ్లలో చేరారు. అక్కడ పాస్టరును సంఘమే పిలుచుకుంటుంది, సంఘమే పోషిస్తుంది. పుల్పిట్ (ప్రసంగ వేదిక) కిందున్న 'పెద్ద బెంచీ'లో డీకన్లు, అంటే సంఘ పెద్దలు, కూర్చుంటారు. సండే స్కూలుకు తాతలు కూడా వచ్చేవారు.

1914లో యుద్ధం మొదలయ్యాక సైన్యానికి అవసరమైంది పాస్టరు మీద జనానికున్న ఈ నమ్మకమే. ఆంగ్లసీ ద్వీపంలో పేరుమోసిన ప్రసంగీకుడు జాన్ విలియమ్స్ సైనిక దుస్తుల్లోనే పుల్పిట్ ఎక్కి, కుర్రాళ్లను యుద్ధానికి రమ్మన్నాడు. బాంగోర్‌లో కాబోయే పాస్టర్లకు పాఠాలు చెప్పే థామస్ రీస్ యుద్ధాన్ని తప్పుపట్టి నిందలు పడ్డాడు. అయినా 1916 నుంచి వెల్ష్‌లో యుద్ధ వ్యతిరేక మాసపత్రిక నడిపాడు. ఇద్దరిలో రీస్‌దే పెద్ద ధైర్యమని నేను నమ్ముతాను. అధికారం గానీ జనం గానీ ఆయన వైపు లేరు.

1916లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది. పాస్టర్లకు మినహాయింపు ఇచ్చారు. పాస్టరు చదువులో ఉన్న కుర్రాళ్లు కొందరు తుపాకి పట్టకుండా సైనిక వైద్య దళంలో స్ట్రెచర్లు మోశారు. తర్వాత పెద్ద కవి అయిన కనన్ (Cynan) వాళ్లలో ఒకడు.

యుద్ధరంగంలో సైన్యపు పాస్టరు దగ్గర ఆయుధం ఉండదు. గాయపడినవాళ్ల పక్కన కూర్చోవడం, వాళ్ల తరఫున ఉత్తరాలు రాయడం, చనిపోయినవాళ్లను పూడ్చి ప్రార్థన చేయడం ఆయన పని. పూడ్చాక ఆ చోటు రాసుకుని, చెక్క సిలువ పాతాలి. ఇక్కడే ఒక పెద్ద చిక్కు వచ్చేది. మొదట్లో సైనికుడి మెడలో గుర్తింపు బిళ్ల ఒక్కటే. లెక్క కోసం దాన్ని తీసుకుంటే శరీరం మీద పేరుండదు. తర్వాత ఫిరంగి గుండ్లకు సిలువ ఎగిరిపోతే ఆ సమాధి ఎవరిదో ఎవరూ చెప్పలేరు. 1916 జులైలో, ఫ్రాన్స్‌లోని మామెట్జ్ అడవి కోసం పోరాడి వెల్ష్ డివిజన్‌లో సుమారు 4,000 మంది చనిపోవడమో, గాయపడటమో, ఆచూకీ లేకపోవడమో జరిగిన నాటికీ ఒక్క బిళ్లే. ఆ తర్వాతే రెండు వచ్చాయి. ఎర్రది తీసుకుంటారు, ఆకుపచ్చది శరీరంతోనే ఉంటుంది.

చాపెల్ పాస్టర్లను సైన్యంలోకి తీసుకోవడానికి యుద్ధమంత్రి కిచెనర్ మొదట ఒప్పుకోలేదు. వేల్స్‌లో పెరిగిన అప్పటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ పోట్లాడి ఒప్పించాడు. అలా వెళ్లిన వెల్ష్ పాస్టరు కొడుకు మరణవార్తను వెల్ష్‌లో రాస్తే, ఇంగ్లీషు రాని తల్లి కూడా ఆ ఉత్తరాన్ని తనే చదువుకోగలిగేది.

మీ తాతయ్య