ఫ్రెంచ్ క్లాసులో పిల్లల మనసు ఎక్కడ జారిపోతుంది?

ఫ్రెంచ్ పాఠం మొదలై పది నిమిషాలు కాకముందే వెనక బెంచీలో గుసగుసలు, పుస్తకం అంచున బొమ్మలు, కిటికీలోంచి చూపులు. టీచర్ గట్టిగా 'సైలెన్స్' అంటారు, గోల ఆగుతుంది. కానీ నోరు మూసుకున్నంత మాత్రాన మనసు పాఠం మీదికి వచ్చేసినట్టు కాదు. శ్రద్ధ లేదని మనం తిట్టే పిల్లల్లో చాలామందికి అసలు ఇబ్బంది చెవి దగ్గరే మొదలవుతుందని నా నమ్మకం.

టీచర్ 'లేజామీ' అన్నారనుకోండి, స్నేహితులు అని అర్థం. రాతలో అవి రెండు మాటలు, లే, అమీ. మొదటి మాట చివర మామూలుగా పలకని ఎస్ అక్షరం, పక్కన అచ్చు రాగానే 'జ'లా పలుకుతుంది. 'ఎవరు అక్కడ' అనేది 'ఎవరక్కడ' అయినప్పుడు మనం తడబడం, ఎందుకంటే దాన్ని ఎక్కడ విడగొట్టాలో పసితనం నుంచీ వింటూ నేర్చుకున్నాం. కొత్తగా ఫ్రెంచ్ వింటున్న పిల్లకి ఆ ఆసరా లేదు. పైగా నేను, నువ్వు, అతను, వాళ్లు మాట్లాడటానికి క్రియ రాతలో మూడు రకాలుగా ఉంటుంది, పలికితే మాత్రం ఒక్కటే, 'పార్ల్'. పెదాలు 'ఊ'లా గుండ్రంగా పెట్టి లోపల 'ఈ' పలకాల్సిన అచ్చు ఇంకొకటి. నెలల పిల్లలు పరాయి భాషల ధ్వనుల తేడాలు కూడా పట్టగలరనీ, ఏడాది నిండేసరికి ఆ నేర్పు బాగా తగ్గిపోతుందనీ 1984లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చూపించారు. స్కూలు పిల్లలు దాన్ని మళ్లీ సాధనతో తెచ్చుకోవాలి, అది అలసట పుట్టించే పని.

అంకెలు చూడండి. ఫ్రాన్సులో 97 అంటే నాలుగు ఇరవైలు, పది, ఏడు. బెల్జియం, స్విట్జర్లాండ్‌లలో తొంభైకి 'నోనాంత్' అని ఒక్క మాట ఉంది, కాబట్టి అక్కడ కాస్త హాయి. మనసు ఒకేసారి పట్టుకోగలిగేది సుమారు నాలుగు అంశాలేనని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో వాదించారు, చిన్న పిల్లలకు అది ఇంకా తక్కువ. ఆ చిన్న చోటంతా 97కే సరిపోతే టీచర్ తర్వాత చెప్పిన వాక్యం ఎక్కడ నిలుస్తుంది? దారం ఒకసారి తెగిపోయాక పక్కవాడితో మాట్లాడటమే తేలిక.

అందుకే క్లాసు చెదిరినప్పుడు గొంతు పెంచడం కన్నా అదే వాక్యాన్ని నెమ్మదిగా, ముక్కలు చేసి, మళ్లీ కలిపి చెప్పడం మేలు. ప్రశ్న అడిగాక ఆగడం కూడా ముఖ్యం. టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని అమెరికాలో సైన్సు క్లాసులు పరిశీలించిన మేరీ బడ్ రో గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. పరాయి భాషలో ఇంకొంచెం ఎక్కువే ఆగాలంటాను. ప్రశ్న ముందు, పేరు తర్వాత. పేరు ముందే పిలిస్తే మిగతా అందరూ హమ్మయ్య అనుకుని ఆలోచించడం మానేస్తారు.

97 దగ్గరైతే అసలు తొందరపడకండి. నాలుగు ఇరవైలు వేళ్ల మీద లెక్కపెట్టనివ్వండి, వాళ్లు తలెత్తాక తర్వాతి మాట చెప్పండి.