నన్నయకు దొరికిన తోడు, తెలుగు పుస్తకానికి దొరకని ఎడిటర్

ఈ మధ్య వచ్చిన ఏ తెలుగు కథల సంపుటినైనా తీసుకుని మొదటి రెండు మూడు పేజీలు తిప్పి చూడండి. ముఖచిత్రం వేసిన చిత్రకారుడి పేరు, డీటీపీ చేసినవారి పేరు, ప్రెస్సు పేరు, వెల, ప్రతులు దొరికే చోట్లు, అన్నీ ఉంటాయి. ఆ రాతప్రతిని అచ్చుకు ముందే చదివి, ఇక్కడ తెగిందని, అక్కడ అతకలేదని రచయితతో వాదించిన మనిషి పేరు మాత్రం చాలా పుస్తకాల్లో కనిపించదు. అలాంటి మనిషే లేకపోవడం అందుకు కారణం. రెండున్నర గంటల సినిమాకు తెర మీద 'కూర్పు' అని ఒక పేరు వేసే అలవాటున్న భాషలో, మూడు వందల పేజీల నవలకు ఆ పని ఎవరు చేశారన్న ప్రశ్నే రాకపోవడం విచిత్రంగా ఉంటుంది. పైగా ఇది మన సాహిత్యంలో మొదటి నుంచీ ఉన్న పరిస్థితి కాదు.

మొదటి నుంచీ అంటే నిజంగా మొదటి నుంచే. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కోరికపై మహాభారతాన్ని తెనిగించడానికి పూనుకున్న నన్నయ, కావ్యం మొదట్లో వచ్చే అవతారికలోనే తన పక్కన ఇంకొకరు ఉన్నారని చెప్పుకున్నాడు. భారత యుద్ధంలో అర్జునుడికి నారాయణుడు తోడైనట్టు, తనకు ఇష్టుడూ సహాధ్యాయుడూ అయిన నారాయణ భట్టు తోడై ఈ పని నిర్వహించాడన్నది ఆ పద్యం సారాంశం. రాజు ఆ నారాయణ భట్టుకు నందంపూడి అగ్రహారాన్ని దానం చేసినట్టు శాసనం కూడా ఉంది. ఆ తోడు ఎలాంటిదో, పద్యాలు విని సవరణలు సూచించడమో, సంస్కృత మూలంతో సరిచూడడమో, ఆ పద్యం విడమరచి చెప్పదు. కానీ ఆ పోలికను కాస్త నిదానంగా గమనించాలి. కురుక్షేత్రంలో కృష్ణుడు ఆయుధం పట్టలేదు, బాణాలన్నీ అర్జునుడే వేశాడు. రాసేవాడికీ పక్కనుండి చూసేవాడికీ మధ్య సంబంధాన్ని ఇంతకంటే బాగా చెప్పిన ఉపమానం తెలుగులో నాకు తారసపడలేదు.

ఆ తర్వాతి శతాబ్దాల్లో కావ్యం తాటాకుల మీద ఒకరి నుంచి ఒకరికి నడిచింది. ఎత్తి రాసిన ప్రతిసారీ వ్రాయసగాడి పొరపాట్లు, అత్యుత్సాహంతో చేర్చిన పద్యాలు, చెదలు తిన్న చోట ఊహించి పూరించిన పాదాలు వచ్చి చేరాయి. 19వ శతాబ్దంలో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలోనూ మచిలీపట్నంలోనూ పెట్టించిన పని ఈ చిక్కుముడి విప్పడానికే. ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఎత్తి రాయించి, పాఠభేదాలను గుర్తింపజేసి, జూలూరి అప్పయ్య వంటి పండితులను కూర్చోబెట్టి ఏ పాఠం నిలుస్తుందో తేల్చేవాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యే నాటికి పోగైనవి వేలల్లో ఉండగా, బ్రౌన్ ఏరి అచ్చు వేసినవి 693 మాత్రమే. ఏరడం, వదలడం, కారణం చెప్పడం, ఈ మూడూ అప్పుడే మన ముద్రణకు అలవాటయ్యాయి. ఈ పని చేసేవాడిని మనవాళ్లు 'పరిష్కర్త' అన్నారు. మద్రాసులో వావిళ్ల వంటి సంస్థలు ప్రాచీన గ్రంథాలను అచ్చు వేసినప్పుడు పరిష్కర్తలైన పండితులే వాటికి వెన్నెముక.

పరిష్కర్త చేతిలో కత్తి కూడా ఉంటుందన్నది ఈ చరిత్రలో రెండో వైపు. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను బ్రౌన్ దగ్గర పనిచేసిన వెంకటనరసు 1887లో అచ్చు వేయించినప్పుడు, కవయిత్రి తన వంశాన్ని గురించి చెప్పుకున్న అవతారికను, కొన్ని పద్యాలను వదిలేశాడు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, ఆ కోతలన్నీ పూరించి, 1910లో వావిళ్లవారి ద్వారా సంపూర్ణ పాఠాన్ని వెలువరించారు. దాని మీద పెద్ద దుమారం రేగింది, ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది, స్వాతంత్ర్యం వచ్చాక గానీ ఆ నిషేధం తొలగలేదు. ఎడిటర్ అనగానే చాలామంది రచయితలు ముందు వెంకటనరసునే ఊహించుకుంటారు, తమ గొంతు నొక్కేవాడు వస్తున్నాడని జంకుతారు. ఆ జంకు నిరాధారమైనది కాదు. కానీ అదే పుస్తకానికి నాగరత్నమ్మ చేసింది కూడా పరిష్కరణే అన్న సంగతి ఆ జంకులో మరుగున పడిపోతుంది. ఒకరు తమ అభిరుచికి పుస్తకాన్ని లొంగదీశారు, మరొకరు కవయిత్రి చెప్పదలచుకున్నది చదువరికి చేరేలా చూశారు.

బతికి ఉన్న రచయితల రాతకు రెండో కన్ను దొరికింది మాత్రం పత్రికల్లోనే. 1906లో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి గ్రంథమాలకు కొమర్రాజు లక్ష్మణరావు సంపాదకుడిగా ఉండడం, తర్వాత ఆంధ్రపత్రిక, భారతి వంటివి రావడం దారి వేశాయి. నా దృష్టిలో వీటన్నింటికంటే నిలిచిపోయే ఉదాహరణ చందమామ. 1947 జూలైలో చక్రపాణి, బి. నాగిరెడ్డి మొదలుపెట్టిన ఆ పత్రికలో 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకూ కొడవటిగంటి కుటుంబరావు పనిచేశారు, సంపాదకుడిగా ఆయన పేరు మాత్రం పత్రిక మీద ఉండేది కాదు. దూరపు ఊళ్ల నుంచి, రకరకాల చదువులవాళ్ల నుంచి వచ్చిన కథలను ఆయన తిరగరాసేవారు. కథలోని ఎత్తుగడ పంపినవారిదే, వాక్యం మాత్రం చందమామది. పదేళ్ల పిల్లవాడు ఎక్కడా తడబడకుండా చదువుకుపోయే ఆ తెలుగు వెనుక, తన సొంత కథల్లో పూర్తిగా వేరే స్వరంతో రాసిన ఒక పెద్ద రచయిత ఇరవై ఎనిమిదేళ్ల అజ్ఞాత శ్రమ ఉంది. అది కొంత మితిమీరిన ఎడిటింగే అనేవారు ఉండవచ్చు. పిల్లల పత్రికకు అది తగిందనే నా అభిప్రాయం, నవలకైతే తగదు.

మరి పుస్తకానికి ఆ అలవాటు ఎందుకు అంటలేదు? ఒక కారణం మన అభిమానాల్లోనే ఉందని అనుకుంటాను. ఆశువుగా చెప్పగలగడం, అవధానంలో నూరుగురు పృచ్ఛకులను ఎదుర్కోవడం, కలం ఆపకుండా రాయడం మనకు ప్రతిభకు కొలమానాలు. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'ను తమ్ముడికి చెప్పి 29 రోజుల్లో రాయించారన్న సంగతిని మనం చెప్పుకునే తీరులో ఆ ఆరాధన కనిపిస్తుంది. గురజాడ 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'ను పట్టుకుని పన్నెండేళ్ల తర్వాత, 1909లో, దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారన్న సంగతిని అంత గర్వంగా చెప్పుకోము, మనం చూసి నవ్వుకునే నాటకం ఆ రెండోదే అయినా. దిద్దించుకోవడమంటే తెలియనితనాన్ని ఒప్పుకోవడమన్న భావం ఈ గాలిలో పెరిగిందే. నంది మల్లయ, ఘంట సింగన మొదలుకొని తిరుపతి వేంకట కవులు, పింగళి కాటూరి కవుల వరకూ జంటగా రాసిన పరంపర మనకే ఉండగా ఇలా జరగడం ఇంకా వింత. జంటకవికి మొదటి పాఠకుడు పక్కనే కూర్చుని ఉంటాడు కదా.

రెండో కారణం డబ్బుది, యంత్రానిది. సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో గేలీ ప్రూఫు, అంటే పేజీలు కట్టకముందు దిద్దడానికి తీసే అచ్చు, తప్పనిసరి కనుక, కంపోజిటరు, ప్రూఫ్ రీడరు, అవసరమైతే ప్రెస్సు పండితుడు రాతను చదివి తీరవలసివచ్చేది. డీటీపీ వచ్చాక ఆ మెట్లు ఒక్కొక్కటే ఊడిపోయాయి. అదే కాలంలో వారపత్రికల సీరియళ్లు తగ్గి, ప్రచురణ సంస్థలు వెనక్కి తగ్గి, రచయితే తన డబ్బుతో పుస్తకం వేసుకోవడం మామూలైంది. తన ఖర్చుతో తానే వేసుకునేవాడికి 'ఈ కథ తీసేయండి' అని చెప్పే అధికారం ఎవరికుంటుంది? ఆ ఖాళీలోకి వచ్చినది ముందుమాట. పేజీలు సిద్ధమయ్యాక, ఆవిష్కరణ తేదీ కూడా ఖాయమయ్యాక, రాతప్రతి పెద్దవారి దగ్గరకు వెళుతుంది. వారికి లోపాలు కనిపించినా చెప్పే సమయం దాటిపోయి ఉంటుంది కనుక నాలుగు మంచి మాటలు రాసి పంపుతారు. మూడు ముందుమాటలు ఉండి ఒక్క ఎడిటర్ లేని పుస్తకాలు నా అలమరలోనే ఒక వరుస ఉన్నాయి.

ఎడిటర్ పట్టుకునేవి అచ్చుతప్పులు కావు, లేదా అవి మాత్రమే కావు. నేను రాసిన ఒక కథను కొన్నేళ్ల క్రితం ఒక మిత్రుడికి ఇచ్చాను. అందులో ఇలా రాసుకున్నాను: 'రామారావు వాళ్ల నాన్నను డాక్టరుకు చూపించి తీసుకొచ్చి, ఆలస్యంగా పడుకున్నాడు. పొద్దున్నే చూస్తే మంచం మీద లేడు.' ఆయన పక్కన పెన్సిల్‌తో ఒకే మాట రాశారు: 'ఎవరు?' తప్పిపోయింది తండ్రి అని నాకు తెలుసు, అందుకే నాకు ఆ వాక్యంలో తండ్రే కనిపించాడు. కర్తను చెప్పకుండా క్రియతోనే నెట్టుకొచ్చే వెసులుబాటు తెలుగుకు అందం, అదే వెసులుబాటు రాసినవాడి కంటికి గంత కూడా. ఇంకొంచెం ముందుకు వెళ్లాక ఆయనే మరో చోట గీత గీశారు. సంక్రాంతి ముగ్గులున్న వాకిట్లో, నా కథలోని అత్తగారు ఆవకాయకు ముక్కలు కొట్టిస్తోంది. ఆ కథను నేను ఏడు సార్లు చదువుకున్నాను, జనవరిలో మామిడికాయలు ఎక్కడివన్న అనుమానం ఏడు సార్లలో ఒక్కసారి కూడా రాలేదు. చిన్ననాటి ఆవకాయ వాసన, చిన్ననాటి పండగ నా జ్ఞాపకంలో ఒకే వాకిట్లో ఉన్నాయి మరి. రాసినవాడు కాగితాన్ని చదవడు, తన తలలో ఉన్నదాన్ని చదువుకుంటాడు. ఆ తల లేనివాడు చదివితేనే కాగితం మీద ఏముందో బయటపడుతుంది.

ఈ పని తెలుగులో అసలే లేదనడం అన్యాయం. దినపత్రికల డెస్కులో పల్లెటూరి విలేకరి పంపిన వార్త సబ్ ఎడిటర్ చేతుల మీదుగానే పేజీకి ఎక్కుతుంది. 1998లో అమెరికాలోని తెలుగువారు ప్రారంభించిన 'ఈమాట' అనే వెబ్ పత్రిక రచనలను సమీక్షకులకు చూపించి, మార్పులు సూచించే పద్ధతి పాటిస్తూ వచ్చింది. కొన్ని చిన్న ప్రచురణ సంస్థలు, ముఖ్యంగా అనువాదాల విషయంలో, రాతప్రతిని మళ్లీ మళ్లీ చూపిస్తాయి. విడ్డూరమేమిటంటే, పగలంతా డెస్కులో ఇతరుల వాక్యాలు దిద్దిన సబ్ ఎడిటరే తన కవితా సంపుటిని ఎవరికీ చూపించకుండా ప్రెస్సుకు పంపుతాడు.

పుస్తకం వేసుకుందామని ప్రెస్సుకు వెళ్లి, ఖర్చు ఎంతవుతుందని అడిగితే ఒక కాగితం మీద లెక్క వేసి ఇస్తారు. పేజీకి ఇంత చొప్పున డీటీపీ, ముఖచిత్రం, కాగితం, ముద్రణ, బైండింగు, రవాణా. ఒక్కోసారి ఆవిష్కరణ సభకు ఫ్లెక్సీ కూడా ఆ లెక్కలో ఉంటుంది. ప్రూఫులు ఎవరు చూస్తారని అడిగితే, 'మీరే చూసుకోండి సార్, మీ పుస్తకం మీకంటే ఎవరికి బాగా తెలుస్తుంది' అంటారు.