కన్ను అదిరే ఆ ఆఫీసరు గురించి

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఆదివారం పింక్ పాంథర్ సినిమాలు చూస్తూ మీరిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మధ్యలో "తాతయ్యా, ఆ కన్ను టపటపా కొట్టుకునే ఆఫీసరు ఎవరు?" అని అడిగితే నేను పేరు మాత్రం చెప్పి ఊరుకున్నాను. అలా ఒక్క ముక్కలో తేల్చేయడం తర్వాత నాకే బాగా అనిపించలేదు, అందుకే ఈ ఉత్తరం.

ఆయన పేరు హెర్బర్ట్ లోమ్. 1917లో ప్రాగ్‌లో పుట్టాడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు హెర్బర్ట్ కారెల్ ఆంజెలో కుఖాచెవిచ్ జె ష్లూడర్‌పాఖెరు, ఊపిరి తీసుకోకుండా ఒకసారి చదవండి చూద్దాం. ఇంత పేరు ఇంగ్లీషువాళ్ల నోట్లో తిరగదని టెలిఫోన్ డైరెక్టరీ తిరగేసి అందులో కనబడిన అతి పొట్టి పేరు పెట్టుకున్నాడట. లోమ్ అంటే చెక్ భాషలో రాళ్ల క్వారీ.

1939లో, ప్రాగ్ ఉన్న చెక్ దేశాన్ని హిట్లర్ మింగేసిన ఏడాదే, ఇంగ్లండ్ చేరాడు. ఆయన ప్రేమించిన యూదు అమ్మాయి కూడా వెంట వచ్చింది, కానీ కాగితాలు సరిగా లేవని డోవర్ రేవులోనే ఆపి వెనక్కి పంపేశారు. ఆమె నాజీల శిబిరంలో చనిపోయింది. మీరు చిన్నపిల్లలే, అయినా ఇది చెప్పకుండా ఆయన గురించి రాయడం నాకు చేతకాలేదు.

యుద్ధం రోజుల్లో బీబీసీ చెక్ విభాగంలో పనిచేస్తూనే సినిమా వేషాలు వేశాడు. ఆయన ఇంగ్లీషులో ఒక యాస ఉంది. అది ఏ దేశపు యాసో అక్కడి ప్రేక్షకులు పోల్చుకోలేరు, పరాయివాడని తెలిస్తే వాళ్లకి చాలు. దాంతో పరాయివాడి వేషం ఏది వచ్చినా ఈయన దగ్గరికే వచ్చేది. 1942లో ఒకసారి, 1956లో 'వార్ అండ్ పీస్'లో మరోసారి నెపోలియన్. 'స్పార్టకస్'లో సముద్రపు దొంగల తరఫున బేరాలాడే మనిషి. 'ఎల్ సిడ్'లో నల్లబట్టల బెన్ యూసఫ్, అందులో చాలాసేపు ముఖం కప్పుకునే ఉంటాడు, కళ్లూ గొంతూ తప్ప చేతిలో ఇంకేమీ లేవు, అయినా భయపెడతాడు. హాలీవుడ్‌తో ఏడు సినిమాల ఒప్పందం కూడా కుదిరింది కానీ రాజకీయ కారణాల వల్ల అమెరికా వీసా రాలేదు. హీరో కాలేదే అని జాలిపడకండి. క్యారెక్టర్ ఆర్టిస్టు చేసే పని ఏమిటో ఈయన్ని చూస్తేనే నాకు సరిగ్గా అర్థమైంది.

మీరు నవ్విన సీనే తీసుకోండి. 1964 నాటి 'ఎ షాట్ ఇన్ ది డార్క్'లో లోమ్ వేసిన ఆఫీసరు డ్రెఫస్ తన బల్ల దగ్గర కూర్చుని, తన కింద పనిచేసే తింగరి డిటెక్టివ్ క్లూసో లాంటివాళ్లు పదిమంది ఉంటే ప్రపంచాన్నే నాశనం చేయొచ్చని మండిపడుతూ, చుట్ట కొన తెంచే చిన్న పరికరంలో పెట్టకూడని వేలు పెట్టి కోసుకుంటాడు. ఇంకోసారి చూసేటప్పుడు వేలు వదిలేసి ముఖం చూడండి. నవ్వించాలన్న ఆలోచనే ఆ ముఖంలో ఉండదు. తను కామెడీలో ఉన్నానని డ్రెఫస్‌కి తెలియదు, నిజంగానే కుమిలిపోతుంటాడు. క్లూసో వేషం వేసిన పీటర్ సెల్లర్స్ ఎంత గొప్పగా కిందపడినా, ఆ పడటం చూసి ఇంతగా బాధపడేవాడు పక్కన లేకపోతే మనకి సగం నవ్వే వచ్చేదని నా నమ్మకం. ఆ కన్ను అదరడం కూడా ఎవరో నేర్పింది కాదు, ఆయన సొంత ఆలోచనే. చేసి చేసి చివరికి తను అనుకోకపోయినా కన్ను దానంతట అదే కొట్టుకునేదని చెప్పుకున్నాడు.

2012లో లండన్‌లో, తొంభై అయిదేళ్ల వయసులో పోయాడు.

వచ్చే ఆదివారం 1955 నాటి 'ది లేడీకిల్లర్స్' చూద్దాం. సెల్లర్స్, లోమ్ ఇద్దరూ ఉన్నారు, అప్పటికి క్లూసో ఇంకా పుట్టలేదు. అందులో లోమ్ దొంగల ముఠాలో అందరికంటే కర్కోటకుడు, ఇంట్లో ఉన్నా టోపీ తీయడు. పాత్ర పొగరని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. అసలు సంగతేమిటంటే లండన్‌లో 'ది కింగ్ అండ్ ఐ' నాటకంలో సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రాజు వేషం కోసం ఆయన గుండు చేయించుకున్నాడు, ఆ నాటకం 926 ప్రదర్శనలు ఆడింది. ఆ టోపీ కింద సయాం రాజు ఉన్నాడన్నమాట.

మీ తాతయ్య