కంచం నిండా అన్నం, కండకు లేని పని

రావులపాలెం దగ్గర పల్లెలో ఉండే మా బాబాయికి షుగర్ బయటపడి ఏడాది దాటింది. డాక్టరు చెప్పిన మర్నాడే కాఫీలో పంచదార మానేశారు. ఆత్రేయపురం నుంచి చుట్టాలెవరైనా పూతరేకులు తెస్తే పిల్లలకు ఇచ్చేస్తారు తప్ప ముట్టుకోరు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు రిపోర్టు నా చేతిలో పెట్టి, "తీపన్నది నోట్లో వేసి ఎన్నాళ్ళయిందో. అయినా ఇది దిగట్లేదు. ఎందుకంటావురా?" అని అడిగారు. ఇంతలో పిన్ని భోజనానికి లేవమంది. పప్పుతో కొంత, వంకాయ కూరతో కొంత, చేపల పులుసుతో మారు వడ్డన, చివర పెరుగన్నం.

భోజనాలయ్యాక కాగితం మీద లెక్క వేశాం. చెంచా పంచదార అంటే సుమారు 5 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. బాబాయి తిన్నది 400 గ్రాములకు తక్కువ ఉండదు. అంటే 110 గ్రాముల పైనే. పేగుల్లోకి వెళ్ళాక అదంతా గ్లూకోజే. రోజుకు రెండు కాఫీల్లో ఆయన వదులుకున్నది 10 గ్రాములు. ఒక్క పూట అన్నంలో వస్తున్నది దానికి పదకొండు రెట్లు. నాలుకకు తియ్యగా లేదు కాబట్టి అన్నం మన లెక్కలోకి రావడం లేదు.

ఇంకో లెక్క నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. పరగడుపున షుగర్ 90 ఉందంటే, అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 90 మిల్లీగ్రాములు ఉంటే, మొత్తం రక్తంలో కలిసి ఉన్న గ్లూకోజు నాలుగున్నర గ్రాములు. చెంచాడు కూడా కాదు. అంత సన్నటి దారిలోంచి రెండు మూడు గంటల్లో వంద గ్రాములు దాటిపోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో రెండు గంటలకల్లా షుగర్ 140 లోపుకు వచ్చేస్తుంది. మరి అదంతా ఎటు పోయినట్టు?

కాలువల కింద బతికే మనకు ఇది చెప్పడం తేలిక. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి నీళ్ళు కాలువలోంచి బోదెలోకి, బోదెలోంచి తూము ద్వారా చేలోకి పారుతున్నాయి. రక్తం కాలువ అనుకుంటే చేలు మన కండరాలు, కొంత మేర కాలేయం. తూము తలుపు ఎత్తేది క్లోమగ్రంథి నుంచి వచ్చే ఇన్సులిన్. అన్నం తిన్నాక వచ్చిన గ్లూకోజులో పెద్ద వాటా కండల్లోకే వెళ్ళి గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. పని చేస్తే ఆ నిలవ ఖర్చవుతుంది, మళ్ళీ చోటు ఏర్పడుతుంది.

పని లేకపోతే నిన్నటి నీళ్ళతోనే చేను నిండుగా ఉన్నట్టు. తలుపు ఎత్తమని ఇన్సులిన్ ఎంత చెప్పినా కండ మెల్లగా మాట వినడం మానేస్తుంది. మిగులు గ్లూకోజును కాలేయం కొవ్వుగా మారుస్తుంది. ఆ కొవ్వు కాలేయంలోనే పేరుకుంటే కాలేయమూ ఇన్సులిన్ మాట వినదు. మనం నిద్రపోతున్నప్పుడు కూడా అవసరానికి మించి గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. రాత్రంతా ఏమీ తినకపోయినా పొద్దున్నే షుగర్ ఎక్కువ చూపించేది ఇందుకే. క్లోమం ఏళ్ళ తరబడి ఎక్కువ ఇన్సులిన్ పోసి పోసి అలిసిపోతుంది. టైప్ 2 మధుమేహం బయటపడేది ఆ దశలో.

మా తాతయ్య కూడా ఇంతే అన్నం తినేవారు, బహుశా ఇంకా ఎక్కువే. కానీ ఆయనకు దుక్కి, ఊడ్పులు, కోతలు, కుప్ప నూర్పిళ్ళు అన్నీ ఒంటితో చేసే పనులు. ఇప్పుడు సార్వాకీ దాళ్వాకీ చేలోకి దిగేది వరికోత మిషన్. గట్టు దాకా బైకు మీద వెళ్ళి, చూసి వచ్చేస్తాం. పని తగ్గింది, కంచం తగ్గలేదు. ఇది పట్నాల జబ్బు అని ఇంకా అనుకునేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 పల్లెల్లో 30 ఏళ్ళు దాటినవాళ్ళను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్టు తేలింది. వాళ్ళలో దాదాపు సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

"నేను లావుగా లేను కదా" అన్నారు బాబాయి. మన దేశంలో చాలామంది ఇలాగే అనుకుని పరీక్షే చేయించుకోరు. మనవాళ్ళకు బరువు తక్కువ ఉన్నా కండ పలచగా, పొట్ట లోపల కొవ్వు ఎక్కువగా ఉండటం మామూలు. అందుకే మనకు తూకం కన్నా టేపు ముఖ్యం. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే జాగ్రత్త పడాలి.

బియ్యంలో రకానికీ రకానికీ తేడా ఉంది. గ్లూకోజుకు 100 మార్కులు వేసి, మిగతా ఆహారాలు రక్తంలో షుగర్‌ను ఎంత పెంచుతాయో దానితో పోల్చి చెప్పే కొలతను గ్లైసీమిక్ సూచిక అంటారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాల బియ్యాన్ని చూస్తే ఆ సూచిక 48 నుంచి 92 దాకా ఉంది. మన మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ రకం తక్కువ వైపునే నిలిచింది. ఈ తేడా చాలావరకు బియ్యంలోని రెండు రకాల పిండి పాళ్ళను బట్టి వస్తుంది. అమైలోజ్ అనే పిండి గొలుసు పొడుగ్గా, బిగువుగా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది. అమైలోపెక్టిన్ అనే రెండో రకం కొమ్మలు కొమ్మలుగా ఉండి ఇట్టే విడిపోతుంది. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండి మళ్ళీ బిగుసుకుని అరగకుండా మిగులుతుంది. చద్దన్నానికి ఆ మేలు కాస్త ఉంది. అయితే రకం మార్చి మారు వడ్డన ఉంచుకుంటే పెద్దగా ఒరిగేది లేదు. అన్నం మాని అంతే లెక్కన గోధుమ రొట్టెలో, జొన్న రొట్టెలో తిన్నా అంతే. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వేలో మన కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది. ఒక ధాన్యం బదులు ఇంకోటి పెట్టుకోవడం కాదు, పిండి కొంత తగ్గించి ఆ చోట మాంసకృత్తులు పెట్టుకుంటేనే ముప్పు తగ్గుతోంది.

ఈ విషయంలో డెల్టాకు కొరతేమీ లేదు. వరి కోశాక వేసే అపరాలు, మినుములు, పెసలు మన చేలల్లోనివే. చేపలు, రొయ్యలు మన చెరువుల్లోనివే. పెసరట్టు ఎంత మంచి టిఫినో చెప్పలేను, అందులో ఉప్మా పెట్టకపోతే. మన భోజనంలో నాకు కనిపించే చిక్కు ఏమిటంటే పప్పూ కూరా పులుసూ అన్నీ అన్నం లోపలికి దిగడానికి తోడుగా వస్తాయి. ముందు గిన్నెలో కూర, పప్పు, చేప ముక్క తిని, అన్నం తరువాత తింటే, అదే భోజనానికి షుగర్ తక్కువ పెరుగుతుందని ప్రయోగాల్లో చూశారు.

కండ గురించి ఇంకో మాట. నడుస్తున్న కండ ఇన్సులిన్ కోసం ఆగదు, తూము తలుపు తానే ఎత్తుకుంటుంది. ఇన్సులిన్ మాట వినని ఒంట్లో కూడా ఈ దారి పనిచేస్తుంది. తిన్న వెంటనే పావుగంట నడకకు అంత విలువ అందుకే. షుగర్ రాబోయే దశలో ఉన్న 531 మందితో మన దేశంలో చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో జబ్బు ముప్పు 28.5 శాతం తగ్గింది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ బిళ్లలు వేసుకున్నవాళ్ళలో తగ్గింది కూడా దాదాపు అంతే.

బాబాయి బిళ్లలు వేసుకుంటున్నారు కాబట్టి అన్నం తగ్గించే ముందు డాక్టరుకు చెప్పమన్నాను. మందు అలాగే ఉంచి తిండి ఒక్కసారిగా తగ్గిస్తే కొందరికి షుగర్ మరీ పడిపోతుంది. ఆయన వెళ్ళి చెప్పి వచ్చారు. ఇప్పుడు మారు వడ్డన లేదు, పిన్ని గిన్నెలో కూర ముందు పెడుతోంది. రాత్రి తిన్నాక ఇద్దరూ కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్ళి వస్తున్నారట. ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులు కాబట్టి, ఆ కణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజును కొలిచే హెచ్‌బీఏ1సీ పరీక్షలో మూడు నెలల తిండి తీరు కనిపిస్తుంది. దాళ్వా కోతల నాటికి ఆ పరీక్ష చేయించాలి.