గోడ మీద మేకు, చేతిలో టార్చి

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీ అందరిలోకీ చిన్నది నన్నొక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, 2032లో ఒక పెద్ద రాయి వచ్చి భూమిని గుద్దుతుందని ఒక వీడియోలో చెప్పారు. ఇంకో వీడియోలో గుద్దదన్నారు. ముందు 1 శాతం అన్నారట, తర్వాత 3 అన్నారట, ఆ తర్వాత అసలేమీ లేదన్నారట. సైంటిస్టులు అబద్ధం చెప్పారా?" వెనకనుంచి మిగతావాళ్ల గొంతులూ వినపడ్డాయి. ఒకడు "అంతా ఫేక్" అన్నాడు. ఇంకొకరు "నిజమే, మనకి చెప్పకుండా దాచేశారు" అన్నారు. పెద్దవాడు "ఏదైతే అదవుతుందిలే" అని మళ్లీ గేమ్‌లో పడ్డాడు.

ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ముందు చిన్నదానికి జవాబు: లేదమ్మా, ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ అంకెలన్నీ ఏ రోజుకారోజు నిజమే. అదెలాగో నీకు తెలియాలంటే ఈ రాత్రి ఒక పని చెయ్యాలి.

ఇంట్లో టార్చిలైటు ఉంటే తియ్యండి. ఫోన్ లైటు పనికిరాదు, దాని వెలుగు గదంతా పరుచుకుంటుంది. గోడ మీద గుండ్రంగా వెలుగు పడేది కావాలి. క్యాలెండర్ తగిలించే మేకు ఒకటి గోడకు ఉంటుంది కదా, ఆ క్యాలెండర్ తీసి పక్కన పెట్టండి. లైట్లన్నీ ఆర్పేసి, గదికి అటు చివర నిలబడి టార్చి వెయ్యండి. మేకు ఆ వెలుగులోనే ఉండాలి, కానీ నడిమధ్యన కాదు, కాస్త పక్కకి ఉండాలి.

ఆ మేకు భూమి అనుకోండి. వెలుగు మాత్రం రాయి కాదు, ఇక్కడే పెద్దవాళ్లు కూడా పొరపాటు పడతారు. 2032 డిసెంబర్ 22న ఆ రాయి ఎక్కడెక్కడ ఉండే వీలుందో, ఆ చోటంతా కలిపితే ఈ వెలుగు. రాయి అందులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఎక్కడో ఇంకా తెలీదు. ఆ వెలుగులో వంద మేకులు పట్టేంత చోటుందనుకోండి, మన మేకు వాటా 1 శాతం.

ఇప్పుడు టార్చి అటూ ఇటూ తిప్పకుండా, వెలుగు పడుతున్న వైపే అడుగు ముందుకు వెయ్యండి. వెలుగు చిన్నదవుతుంది. మేకు చిన్నది కాదు. ఇంకో అడుగు వేస్తే ముప్ఫై మూడు మేకులు పట్టే చోటే మిగులుతుంది. మన మేకు వాటా 3 శాతం అయిపోయింది! మేకు కదల్లేదు, రాయి దారి మార్చుకోలేదు, మీరు దగ్గరికి వెళ్లారు, అంతే. ఇంకొక్క అడుగు వెయ్యండి. మేకు వెలుగు అంచుకి వస్తుంది. మరో అరడుగుకి చీకట్లోకి జారిపోతుంది. వాటా సున్నా.

ఆ రాయి కథ అచ్చం ఇలాగే నడిచింది. దాని పేరు 2024 వైఆర్4. చిలీ దేశంలో అట్లాస్ అనే టెలిస్కోప్ ఒకటి ఉంది, రాత్రంతా ఆకాశాన్ని ఫొటోలు తీస్తూ, నక్షత్రాల మధ్య కదిలే చుక్క కోసం వెతకడమే దాని పని. 2024 డిసెంబర్ 27న దానికి ఈ చుక్క దొరికింది. అప్పటికే అది డిసెంబర్ 25న మన పక్కనుంచి దాటిపోయి దూరంగా వెళ్లిపోతోంది. కొత్తగా దొరికిన చుక్కని నాలుగు రోజులే చూస్తే ఎనిమిదేళ్ల తర్వాతి దారి ఏం తెలుస్తుంది? వెలుగు చాలా పెద్దదిగా ఉంది. రోజూ చూస్తూ పోయారు. ఒక్కో రాత్రి చూడ్డం ఒక్కో అడుగు. జనవరి చివరికి 1 శాతం దాటింది. అలా దాటితే ప్రపంచానికి చెప్పి తీరాలని వాళ్లు ముందే పెట్టుకున్న నియమం, అందుకని చెప్పారు. దాచడం ఎక్కడుంది ఇందులో? 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతానికి వెళ్లింది. మర్నాడే 1.5కి దిగింది. ఫిబ్రవరి 24కల్లా 0.004 శాతం. మేకు చీకట్లోకి జారిపోయింది.

టార్చి పోలిక ఇంకొంత దూరం పనికొస్తుంది, వదలబుద్ధి కావడం లేదు. రాయి దూరమవుతున్నకొద్దీ మసకబారుతుంది కదా, అది బ్యాటరీ తగ్గిపోతున్న టార్చిలాంటిది. ఆరిపోయేలోపు ఎన్ని అడుగులు వెయ్యగలిగితే అన్ని. మామూలు టెలిస్కోపులకి అందకుండా పోయాక, అంతరిక్షంలో ఉన్న వెబ్ టెలిస్కోప్‌తో చూశారు. అది గట్టి టార్చి. దానితోనే రాయి సైజు కూడా తేలింది, సుమారు 60 మీటర్లు, అంటే పదిహేను అంతస్తుల భవనమంత. మేకు పక్కనే గోడ మీద ఇంకో చిన్న మచ్చ ఉందనుకోండి, అది చంద్రుడు. భూమి వెలుగు దాటి బయటపడ్డాక కూడా చంద్రుడు ఇంకా వెలుగులోనే ఉండిపోయాడు, ఆ లెక్క వేరేగా నడిచింది. ఒక్కచోట మాత్రం ఈ పోలిక కుంటుతుంది. నిజానికి ఆ వెలుగు గుండ్రంగా ఉండదు, తలుపు సందులోంచి పడే ఎండలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎందుకో నేను చెప్పను, మీ సైన్సు టీచర్‌ని అడగండి.

నాకు పదేళ్లప్పుడు మా ఇంట్లోనూ ఇలాంటి గొడవే జరిగింది. 1979. స్కైలాబ్ పడిపోతోందని ఎక్కడ చూసినా అదే మాట. స్కైలాబ్ అంటే అమెరికా వాళ్లు 1973లో పైకి పంపిన అంతరిక్ష కేంద్రం, బరువు 77 టన్నులు. మనుషులు అందులో ఉండి పని చేసి 1974లోనే దిగి వచ్చేశారు, అప్పట్నుంచి ఖాళీగా తిరుగుతోంది. ఆ ఏళ్లలో సూర్యుడు బాగా చురుగ్గా ఉండటంతో పైనున్న పల్చటి గాలి వేడెక్కి ఉబ్బింది. ఆ గాలి రాపిడికి స్కైలాబ్ అనుకున్న దానికంటే ముందే కిందికి రావడం మొదలుపెట్టింది. ఎక్కడ పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేకపోయారు.

రేడియో పెట్టినప్పుడల్లా మా నాన్నమ్మ పని ఆపేసి వచ్చి నిలబడేది. పక్కింటాయన "ఇక్కడే పడుతుంది, రాసి పెట్టుకోండి" అనేవాడు. ఆయన తమ్ముడేమో "అసలు అలాంటిదేమీ లేదు, అంతా పుకారు" అనేవాడు. వాళ్లిద్దరూ వాదించుకోవడం విని నాకు భయం ఇంకా పెరిగింది. రాత్రి మంచం మీద కాకుండా మంచం కింద పడుకున్నాను. చేతికి తగిలే చల్లటి గచ్చూ, ముక్కు మీదికి వేలాడే పట్టె మంచం నవారూ ఇప్పటికీ గుర్తే.

మా బాబాయి నన్ను బయటికి లాగాడు, తిట్టలేదు. మర్నాడు పొద్దున బకెట్ ఇచ్చి గులకరాళ్లు ఏరుకు రమ్మన్నాడు. లెక్కపెట్టి 152. అందులో ఒకదానికి బొగ్గు రాశాడు. "స్కైలాబ్ ముక్క తగిలి ఎవరికైనా దెబ్బ తగిలే వీలు 152లో 1 అని నాసా వాళ్లు చెప్పారు. కళ్లు మూసుకుని తియ్యి" అన్నాడు. తీశాను, తెల్లరాయి. మళ్లీ అందులో వేసి కలిపి తీశాను. సాయంత్రం దాకా తీస్తూనే ఉన్నాను. ఒకసారి నల్లరాయి వచ్చింది! అరచేతికి బొగ్గు అంటుకుంది. ఏడుపు ముఖంతో చూపిస్తే బాబాయి నా చెయ్యి పట్టుకుని, "ఇది నీ పేరు కాదురా. భూమ్మీద 400 కోట్లమందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరని మాత్రమే ఈ రాయి అర్థం. నువ్వే అవ్వాలంటే ఇంకా అంతమందిలోంచి నిన్ను తియ్యాలి" అన్నాడు. అది లెక్కేస్తే సుమారు 60,000 కోట్లలో 1. అన్ని రాళ్లు ఏ బకెట్లో పడతాయో ఊహించుకుంటూ ఆ రాత్రి మంచం మీదే నిద్రపోయాను.

జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎస్పరెన్స్ అనే ఊళ్లో 17 ఏళ్ల కుర్రాడికి తన ఇంటి దగ్గరే ముక్కలు దొరికాయి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మా పక్కింటి అన్నదమ్ములు మీ ఫోన్లో ఇప్పటికీ ఉన్నారు. ఒక వీడియోలో అన్న, ఇంకో వీడియోలో తమ్ముడు. "పడుతుంది" అనడానికీ, "అంతా ఫేక్" అనడానికీ ఇద్దరికీ ఒక్క క్షణం చాలు. బకెట్ తెచ్చి రాళ్లు లెక్కపెట్టడానికి ఒక పూట పడుతుంది. వార్తలో అంకె కనిపించగానే ఎవరికైనా ఫార్వర్డ్ చేసేముందు ఒక్క సంగతి చూసుకోండి నాన్నా: ఆ అంకె ఏ రోజుది? పాత వీడియోలో పాత అంకె అలాగే అరుస్తూ ఉంటుంది, దానికి మర్నాటి సంగతి తెలీదు.

భయపడాల్సిందేమీ లేదా అంటే, ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. 2013 ఫిబ్రవరి 15 పొద్దున్న రష్యాలో చెల్యాబిన్స్క్ అనే నగరం మీద, సుమారు 20 మీటర్ల రాయి ఆకాశంలోనే పేలిపోయింది. సూర్యుడి వైపునుంచి వచ్చింది కాబట్టి ముందుగా ఎవరికీ కనపడలేదు. ఆ రోజు ఎవరి చేతిలోనూ టార్చి లేదు. సూర్యుణ్ని మించిన వెలుగు వచ్చింది, చప్పుడు లేదు. జనం ఏమిటా అని కిటికీల దగ్గరికి పరిగెత్తారు. నిమిషంన్నర, రెండు నిమిషాలు గడిచాక గాలి దెబ్బ వచ్చి తగిలింది. అద్దాలు పగిలి ముఖాల మీద పడ్డాయి. దాదాపు 1,500 మందికి గాయాలు, ఎక్కువమందికి ఆ గాజు ముక్కలే. ఒక స్కూల్లో ఒక టీచర్ మాత్రం వెలుగు చూడగానే తన 44 మంది పిల్లల్ని బల్లల కిందికి దూరమంది. పిల్లలందరికీ ఏమీ కాలేదు. నిలబడే ఉన్న ఆవిడకి చెయ్యి తెగింది. ఎప్పుడైనా ఆకాశంలో అలాంటి వెలుగు మెరిస్తే కిటికీకి దూరంగా వెళ్లండి. నేను భౌతికశాస్త్రంలో మీకు ఇంకేం చెప్పకపోయినా ఇది గుర్తుంచుకుంటే చాలు.

అందుకే వెతుకుతున్నారు. ఒక కిలోమీటరు దాటిన పెద్ద రాళ్లలో 90 శాతానికి పైగా ఇప్పటికే దొరికాయి. చిన్నవాటిలో దొరకనివి ఇంకా చాలా ఉన్నాయి. దొరికాక ఏం చెయ్యాలో కూడా 2022 సెప్టెంబర్ 26న ఒకసారి చేసి చూశారు. డైమార్ఫస్ అనే 160 మీటర్ల రాయిని డార్ట్ అనే వ్యోమనౌకతో కావాలని గుద్దించారు. అది తన పెద్దన్నలాంటి ఇంకో రాయి చుట్టూ 11 గంటల 55 నిమిషాలకు ఒకసారి తిరిగేది, గుద్దాక 11 గంటల 23 నిమిషాలకే తిరగడం మొదలుపెట్టింది. మనిషి చేత్తో ఒక ఆకాశవస్తువు నడక మారడం అదే మొదటిసారి. ఆ వార్త విన్నప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

ఇంకో రాయి సంగతి. అపోఫిస్. 2004లో దొరికింది, ఆ డిసెంబర్‌లో దాని అంకె 2.7 శాతం దాకా పోయింది. అప్పుడేమైందో తెలుసా? పాత ఫొటోలు వెతికితే, అదే ఏడాది మార్చిలో తీసినవాటిలో ఆ చుక్క అప్పటికే ఉంది. ఎవరూ గమనించలేదంతే! ఆ పాత చుక్కతో ఒక్కసారే పది అడుగులు ముందుకు వేసినట్టయింది, 2029లో గుద్దదని తేలిపోయింది. గుద్దదు గానీ దగ్గరికి వస్తుంది. 2029 ఏప్రిల్ 13న సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తులో, కొన్ని టీవీ ఉపగ్రహాల కంటే కూడా కిందినుంచి దాటిపోతుంది. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో ఉన్నవాళ్లకి టెలిస్కోప్ లేకుండా మామూలు కంటికే, నక్షత్రంలా, కానీ కదులుతూ కనిపిస్తుంది. అప్పటికి మీలో ఎవరెక్కడుంటారో.

అంతవరకూ ఆగక్కర్లేదు. ఏటా డిసెంబర్ 13 రాత్రి మిథున రాశి వైపునుంచి ఉల్కలు రాలతాయి. మిగతా ఉల్కాపాతాలు ఎక్కువగా తోకచుక్కల దుమ్ము. ఇవి మాత్రం ఫేథాన్ అనే ఒక రాతి గ్రహశకలం వదిలిన దుమ్ము. ఇసుక రేణువంత ముక్క సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వచ్చి గాలిలో మండితే, మనకి ఒక గీత కనిపిస్తుంది. అంత చిన్నదానికి అంత వెలుగు ఎక్కడిదా అని నేను ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

అర్ధరాత్రి దాటాక డాబా మీదికి వెళ్లి వెల్లకిలా పడుకోండి. చలిగా ఉంటుంది, దుప్పటి తీసుకెళ్లండి. ఫోన్ కింద పెట్టి రండి, దాని వెలుగు చూస్తే కళ్లు చీకటికి అలవాటు పడవు. ఇరవై నిమిషాలు ఏమీ కనపడకపోయినా లేవకండి. మొదటిది కనపడగానే చిన్నది వెళ్లి ఇంట్లో ఫోన్‌నుంచి నాకు రింగ్ ఇవ్వాలి. ఎంత రాత్రయినా సరే. నేనూ ఇక్కడ మేలుకునే ఉంటాను.

మీ
తాతయ్య