ఇటుకలో కంటికి ఆనని రంధ్రాలు

ఇటుకను చేతిలోకి తీసుకుంటే దాని రంగు, ఆకారం, బరువు తెలుస్తాయి. కానీ అది గోడలో ఎన్నేళ్లు నిలుస్తుంది, వానకు ఎంత నీరు పీలుస్తుంది, ఎండ వేడిని ఎంతవరకు లోపలికి రానిస్తుంది అన్నవి ఎక్కువగా దానిలోని అతి సన్నని రంధ్రాల మీద ఆధారపడి ఉంటాయి. ఈ రంధ్రాలు ఎలా ఏర్పడతాయో తెలిస్తేనే ఇటుకల రకాల మధ్య తేడా సరిగా బోధపడుతుందని నా అభిప్రాయం.

ముందుగా మట్టితో మొదలుపెట్టాలి. మంచి ఇటుక మట్టిలో సుమారు 50 నుంచి 60 శాతం సిలికా, 20 నుంచి 30 శాతం అల్యూమినా, మిగిలిన భాగంలో ఐరన్ ఆక్సైడ్, కొద్దిగా సున్నం, ఇతర ఖనిజాలు ఉంటాయి. అల్యూమినా ఉండటం వల్లే మట్టి జిగటగా ఉండి అచ్చులో పోసిన ఆకారాన్ని నిలుపుకుంటుంది. అది మితిమీరితే పచ్చి ఇటుక ఆరేటప్పుడు కుంచించుకుపోయి పగుళ్లు తీస్తుంది. సిలికా ఆ పగుళ్లను అరికడుతుంది, కానీ ఎక్కువైతే ఇటుక పెళుసుబారుతుంది. ఎరుపు రంగు ఐరన్ ఆక్సైడ్ ఇచ్చేది. సున్నం విషయంలో మాత్రం మరింత జాగ్రత్త అవసరం. అది మెత్తని పొడిగా కలిసిపోతే మేలే చేస్తుంది. చిన్న గులకలుగా మిగిలిపోతే బట్టీ వేడికి పొడిసున్నంగా మారి, తరువాత ఇటుక తడిసినప్పుడు ఆ నీటిని పీల్చుకుని ఉబ్బి, పైనున్న పెచ్చును ఊడగొడుతుంది. గోడ మీద అక్కడక్కడ గుండ్రని గుంటలు పడి, వాటి అడుగున తెల్లని చుక్క కనిపిస్తే, అది ఈ సున్నపు గులక పనే అయి ఉంటుంది.

ఇక కాల్పు. ఆరబెట్టిన పచ్చి ఇటుకను వేడి చేసినప్పుడు మొదట మిగిలిన తేమ ఆవిరైపోతుంది. ఉష్ణోగ్రత సుమారు 450 నుంచి 650 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి బంకమట్టి ఖనిజాలలో రసాయనికంగా బంధించి ఉన్న నీరు కూడా విడిపోతుంది. ఈ దశ దాటిన మట్టిని ఎంత నానబెట్టినా మళ్లీ బురద కాదు. ఎండకు మాత్రమే ఆరిన ఇటుక వానకు కరిగిపోవడానికి కారణం అది ఈ దశకు చేరకపోవడమే. 900 నుంచి 1100 డిగ్రీల మధ్య రేణువుల అంచులు కొద్దిగా కరిగి, గాజులాంటి పదార్థంగా మారి, పక్క రేణువులను పట్టుకుంటాయి. ఇటుకకు బలం ఇక్కడే వస్తుంది, రంధ్రాలు ముడుచుకునేదీ ఇక్కడే. కాలీకాలని ఇటుక పాలిపోయిన రంగుతో, గోటితో గీస్తే గీత పడేంత మెత్తగా ఉంటుంది. అతిగా కాలినది నల్లబడి, వంకర తిరిగి, నీటిని దాదాపు పీల్చని స్థితికి చేరుతుంది. సిమెంటు మాలు దానిని గట్టిగా పట్టుకోదు కనుక గోడకు పనికిరాదు గానీ, ముక్కలు చేసి పునాదుల కింద, నేల కింద వేయడానికి బాగా ఉపయోగపడుతుంది.

మంటను అన్ని ఇటుకలకూ సమానంగా అందించడం సులభం కాదు. పేర్చి కాల్చే ఆవంలో నడిమి ఇటుక ఎక్కువగా, అంచు ఇటుక తక్కువగా కాలుతుంది. 1858లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ హాఫ్‌మన్ పేటెంట్ పొందిన వలయాకారపు బట్టీలో మంట ఒక గది నుంచి మరో గదికి సాగిపోతూ ఉంటుంది. కాలిన ఇటుకల వేడి లోపలికి వచ్చే గాలిని వెచ్చబరుస్తుంది, పొగ వేడి ముందున్న పచ్చి ఇటుకలను ఆరబెడుతుంది. ఇంధనం ఆదా కావడమే కాక, కాల్పు మీద అదుపు కూడా పెరిగింది.

నాణ్యతను చూసేందుకు రెండు ఇటుకలను తట్టి ఖంగుమనే మోత వినడం, మీటరు ఎత్తు నుంచి పడవేయడం అందరికీ తెలిసినవే. అవి ఉపయోగకరమే అయినా నీటి పరీక్ష మరింత నమ్మదగినది. పూర్తిగా ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు చల్లని నీటిలో ఉంచి మళ్లీ తూచాలి. సాధారణ తరగతుల ఇటుకల బరువు 20 శాతానికి మించి పెరగరాదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. అతి తక్కువ తరగతి ఇటుకకు చదరపు మిల్లీమీటరుకు 3.5 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకునే బలం ఉండాలి. కట్టే ముందు ఇటుకలను తడపడానికి కూడా కారణం ఈ రంధ్రాలే: పొడి ఇటుక మాలులోని నీటిని లాగేస్తే సిమెంటు గట్టిపడే ప్రక్రియ మధ్యలో ఆగిపోతుంది. గోడ మీద తేలే తెల్లని ఉప్పు కూడా ఈ దారుల గుండానే నీటితో పైకి వచ్చి, నీరు ఆవిరైన చోట మిగిలిపోతుంది.

కాల్చకుండా చేసే ఇటుకలలో ఫ్లైయాష్ ఇటుక ముఖ్యమైనది. బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద సున్నంతో లేదా సిమెంటుతో, నీటితో కలిసి జరిపే రసాయన చర్య దానికి బలాన్నిస్తుంది. అందువల్ల రోజుల తరబడి తడి ఆరకుండా చూసుకోవడం దీనికి తప్పనిసరి. తొందరపడి ఆరబెట్టిన ఇటుక అంచులు చేతిలోనే పొడిపొడిగా రాలుతాయి.

ఏఏసీ బ్లాకుల్లో, అంటే ఆవిరిలో గట్టిపరచిన గాలి బుడగల తేలిక కాంక్రీటు దిమ్మెల్లో, రంధ్రాలు కావాలనే పుట్టిస్తారు. సిమెంటు, సున్నం, ఇసుక లేదా బూడిద కలిపిన ముద్దలో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ బుడగలు ఏర్పడి ముద్ద పొంగుతుంది. దానిని తీగలతో కోసి, ఒత్తిడిలో ఉన్న ఆవిరిలో ఉడికిస్తారు. ఘనపు మీటరుకు 550 నుంచి 650 కిలోల సాంద్రతతో ఇవి ఎర్ర ఇటుకలో మూడో వంతు బరువే ఉండవచ్చు, వేడిని కూడా బాగా ఆపుతాయి. బలం మాత్రం తక్కువ. అందుకే బరువు మోసే కాంక్రీటు చట్రం ఉన్న భవనాలలో గోడల నింపుడుకు ఇవి ఎక్కువగా సరిపోతాయి. వీటిని మందమైన మామూలు మాలుతో కడితే బ్లాకులు దానిలోని నీటిని పీల్చేయడంతో అతుకు బలహీనపడుతుంది, కాబట్టి నీటిని నిలుపుకునే పలుచని ప్రత్యేక అతుకు మాలు వాడటం మేలు.