ఉంగరం ఎలా మోగుతుంది?

బోడుప్పల్‌లో అన్నయ్య ప్లాటుకు శంకుస్థాపన చేసిన రోజు, పసుపు నీళ్లకి తడిసిన వదిన వేలి నుంచి ఉంగరం జారిపోయింది. గమనించేసరికి మేస్త్రీ మనుషులు మట్టి చదును చేసేశారు. వారం తర్వాత స్నేహితుడి మెటల్ డిటెక్టర్ పట్టుకుని నేను వెళ్లాను. ఆన్ చేసి రెండడుగులు వేశానో లేదో మోత మొదలైంది. ఇల్లు కట్టబోయే జాగా కదా, బైండింగ్ వైరు ముక్కలు, మేకులు, సోడా మూతలు, మాత్రల రేకులు. ప్రతి బీప్‌కీ తవ్వుకుంటూ పోతే పునాదులు మేమే తీసినట్టవుతుంది.

దేన్ని తవ్వాలో తేల్చాలంటే మిషన్ ఏం వింటోందో తెలియాలి. దాని కాయిల్‌లో సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మారే కరెంటు పారుతుంది. దానివల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగి, అక్కడున్న లోహంలో సుళ్లు తిరిగే చిన్న కరెంటును పుట్టిస్తుంది. ఆ సుళ్లు తిరిగి పంపే క్షేత్రాన్ని రెండో కాయిల్ అందుకుంటుంది. అసలు కిటుకు ఆ జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదే. మందపాటి వెండిలో, రాగిలో సుళ్లు చాలాసేపు తిరుగుతాయి. పల్చటి రేకులో ఇట్టే ఆగిపోతాయి. ఆ తేడానే మిషన్ ఒక అంకెగా చూపిస్తుంది.

అంటే ఆ అంకె లోహం పేరు చెప్పదు. సైజు, మందం, కరెంటును పారనిచ్చే గుణం అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. బంగారం వెతికేవాళ్లకి ఇదే పెద్ద చిక్కు. మన 22 క్యారెట్ల నగల్లో 91.6 శాతం బంగారం, మిగతాది రాగి, వెండి. ఆ రెండూ బంగారం కంటే మంచి వాహకాలే. అయినా కలిపాక వచ్చే మిశ్రమం మేలిమి బంగారం కంటే తక్కువ వాహకం. వేరే జాతి పరమాణువులు మధ్యలో దూరి ఎలక్ట్రాన్ల దారికి అడ్డుపడతాయి. అందుకే సన్నటి ఉంగరం అంకె అల్యూమినియం రేకు అంకె పక్కకే వచ్చి చేరుతుంది.

"వదినా, అలాంటిది ఇంకోటుందా?"

"ఇదిగో, అదే తూకం. ఇదీ పోగొట్టకు నాయనా!"

దాన్ని మట్టి మీద పెట్టి కాయిల్ ఊపితే 52 వచ్చింది. మాత్రల రేకు పెడితే 50. ఇక వేరే దారి లేదు, ఆ చుట్టుపక్కల అంకె ఏది వచ్చినా తవ్వాల్సిందే. రేకులు వస్తాయని విసుక్కుని వదిలేస్తే ఉంగరాన్నీ వదిలేసినట్టే. ఈశాన్యం గుంతలో మేమే వేసిన రాగి, నాణేలు గట్టిగా మోగాయి. వాటిని కదిలించే ప్రశ్నే లేదు.

ఇనుమును పట్టుకోవడానికి మంచి పరీక్ష ఉంది. ఒక దిక్కున ఊపాక, పక్కకి తిరిగి అడ్డంగా ఊపాలి. పొడుగాటి మేకు ఒకవైపు నుంచి బాగా మోగినా, ఇంకోవైపు నుంచి గొణుగుతుంది. పడుకుని ఉన్న ఉంగరం గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎటు ఊపినా ఒకటే మోత. గొలుసు పోయుంటే పని ఇంకా కష్టమయ్యేది. గొలుసులో సుళ్లు ఒక్కో కొక్కెంలో విడివిడిగా తిరుగుతాయి, మోత పీలగా వస్తుంది.

ఇదంతా సొంత జాగాలో పోయిన సొంత వస్తువు సంగతి. గోల్కొండ లాంటి రక్షిత కట్టడాల దగ్గర తవ్వడం నేరం. సొంత నేలలోనైనా పాత నిధి బయటపడి, దాని విలువ పది రూపాయలు దాటితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కు చెప్పి తీరాలి.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా కోసం గ్రాహంబెల్ ఇలాంటి పరికరంతోనే వెతికాడు. మంచంలోని స్టీలు స్ప్రింగులు అడ్డుపడ్డాయి, తూటా దొరకలేదు. ఒక లోహం మోత ఇంకోదాన్ని మింగేస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా గుంతకి మూరెడు దూరంలో ఒకచోట ఒకవైపు 30, ఇంకోవైపు 50 చూపిస్తుంటే, మేకేనని మూడుసార్లు దాటిపోయాను. నాలుగోసారి మనసొప్పక తవ్వాను. మేకే వచ్చింది.

పూడ్చే ముందు ఆ గుంత మీద కాయిల్ మళ్లీ ఊపాను. ఈసారి ఎటు ఊపినా 52. తాపీతో ఇంకో రెండంగుళాలు గీరితే మట్టిగడ్డ ఒకటి ఊడి వచ్చింది. చిదిపితే లోపల ఉంగరం, దాని రాయి చుట్టూ ఇంకా వదలని పసుపు.